బల్లపరుపు నేల కదా, ఈజీ అనుకున్నా

రెండేళ్ళ నుంచి రాత్రి పది దాటాక నేను చేసే పని ఒకటే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వెళ్ళే రైలు లైనుని ట్రైన్జ్ అనే రైళ్ళ గేములో, అదే సిమ్యులేటర్లో, మళ్ళీ కట్టడం. పగలు నాది ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని, పుట్టినరోజు శుభాకాంక్షలు, షాపు ఓపెనింగులు, సంతాపాలు, కాబట్టి ఫొటోలు కోయడం అతికించడం చేతికి అలవాటే. ఆ ధైర్యంతోనే దిగాను. ఆరు నెలల్లో అయిపోతుందని ఇంట్లో చెప్పాను కూడా, ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ నెలకోసారి గుర్తు చేస్తుంది.

ఆ లైనే ఎందుకంటే, చిన్నది. సుమారు 45 కిలోమీటర్లు, సింగిల్ లైను, దాని మీద తిరిగింది ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలుబస్సు. కాలేజీ రోజుల్లో రామచంద్రపురం దగ్గరున్న మావయ్య వాళ్ళింటికి దాంట్లోనే వెళ్ళేవాణ్ణి, ఆర్టీసీ బస్సులో త్వరగా వెళ్ళొచ్చని తెలిసినా. దాని కథ కూడా నాకిష్టం. 1928లో వేశారు, 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ 2004లో గానీ రైలు రాలేదు. దాని కోసం గట్టిగా పట్టుబట్టిన బాలయోగి గారు, అదే మన లోక్‌సభ స్పీకరుగా చేసినాయన, 2002లోనే పోయారు, రైలు చూడలేదు. అరవై ఏళ్ళ పైన పట్టాల్లేకుండా ఉన్న లైను మళ్ళీ లేచిందంటే, కంప్యూటర్లో నేనూ ఓసారి లేపగలను అనిపించింది.

పైగా కొండల్లేవు, టన్నెళ్ళు లేవు, ఘాట్లు లేవు. బల్లపరుపు నేల. ఈజీ.

ఇక్కడే బోల్తా పడ్డాను. కొండ దారి కడితే లైనుకి అటూ ఇటూ నాలుగు వందల మీటర్లు చేస్తే చాలు, ఆ వెనకాల ఏముందో కొండే దాచేస్తుంది. మా వైపు దాచేది ఏదీ లేదు. చేలో నిలబడితే రెండు మూడు కిలోమీటర్ల అవతల గుడి గోపురం కూడా కనపడుతుంది. ట్రైన్జ్‌లో నేలంతా బోర్డులు బోర్డులుగా ఉంటుంది, ఒక్కో బోర్డు 720 మీటర్ల చదరం. 45 కిలోమీటర్లంటే పొడవునా 63 బోర్డులు. వెడల్పు ఐదు పెట్టుకుంటే 315. అన్నీ నింపాలి, అదీ పచ్చరంగు పూసి వదిలేస్తే కుదరదు, ఎందుకంటే రైలుబస్సు నత్తనడక. ఎక్స్‌ప్రెస్ రూటులో పక్కనున్నవి జర్రున వెళ్ళిపోతాయి, తప్పులు ఎవరికీ దొరకవు. ఇందులో కిటికీ పక్కన కూర్చున్నవాడికి గట్టు మీద కూర్చున్న కొంగ కాళ్ళు కూడా లెక్కపెట్టేంత టైముంటుంది.

సరే, ముందు నేల ఎత్తుపల్లాలు. అందరూ చేసినట్టే నాసా వాళ్ళ ఎస్‌ఆర్‌టీఎం డేటా దింపాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులు అవి, ముప్ఫై మీటర్లకో పాయింటు. ట్రాన్స్‌డెమ్ అనే టూల్లో వేసి ట్రైన్జ్‌లోకి తెచ్చి చూస్తే, నా తల్లీ, కరప నుంచి రామచంద్రపురం వరకూ గుట్టలే గుట్టలు. రైలు కట్ట జాతరలో జెయింట్ వీల్ పక్కనుండే ఎగుడుదిగుడు బండిలాగా లేస్తోంది, పడుతోంది. ఏం తప్పు చేశానా అని నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక ఆ గుట్టల్ని శాటిలైట్ ఫొటో మీద పెట్టి చూశాను. ప్రతి గుట్టా ఒక కొబ్బరితోట! రాడార్‌కి నేల కనపడలేదు, మట్టల్లోనే తగిలి వెనక్కొచ్చింది, దాని లెక్కలో కొబ్బరితోటంటే కొండ. కొండ ప్రాంతంలో ఐదారు మీటర్ల తప్పు ఎవడికీ పట్టదు, మా దగ్గర ఊరు ఊరంతా కలిపినా అంత తేడా ఉండదు.

ఇంకో తమాషా ఏమిటంటే ఆ డేటాలో ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే ఉంటాయి, మూడు, నాలుగు, ఐదు, మధ్యలో ఏమీ ఉండదు. నిజం నేల కిలోమీటర్ల కొద్దీ కనీ కనపడకుండా వాలుతుంటే, అందులో మాత్రం మెట్టు మెట్టుగా దిగుతుంది. చేల మధ్యలో అడ్డంగా మీటరు ఎత్తు మెట్టు. మొత్తం తీసేసి నేలని సమంగా చదును చేసి పారేశాను. మంచి పని చేశాననుకున్నాను గానీ అది ఇంకా పెద్ద తప్పు.

ఆ చదును నేల మీద చేలు వేసి, కాలవలు తవ్వి, గట్ల మీద చెట్లు పెట్టి, మొదటి తొమ్మిది కిలోమీటర్లు పూర్తి చేసి సంక్రాంతికి మావయ్యకి లాప్‌టాప్‌లో చూపించాను. ఆయన నలభై ఏళ్ళ నుంచి వ్యవసాయం చేస్తున్నాడు, కంప్యూటర్ గోల ఆయనకి పట్టదు. కళ్ళజోడు పెట్టుకుని ఓ రెండు నిమిషాలు చూశాడు.

"రైలు బాగుందిరా అల్లుడూ. ఈ కాలవేంటి, ఇంత గోతిలో పెట్టావ్?"

"కాలవంటే గోతిలోనే కదా మావయ్యా."

"మరి నీళ్ళు చేలోకి ఎలా ఎక్కుతాయి?"

నేను నవ్వి, ఇంజను పెట్టి తోడుకుంటారులే అన్నాను. ఆయన నవ్వలేదు.

"కాటన్ దొర ఆనకట్ట కట్టింది ఇంజన్లు పెట్టి తోడుకోడానికా?"

తర్వాత అరగంట పాటు వాకిట్లో ముగ్గు పక్కన కొబ్బరీనె పుల్లతో గీసి మరీ చెప్పాడు. డెల్టాలో పుట్టి పెరిగి నలభై ఏళ్ళు వచ్చినా నాకు తెలియని విషయం అది, చెప్పుకోవాలంటే సిగ్గే. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట పని గోదావరి మట్టాన్ని పైకి లేపడమే. అక్కడ లేచిన నీళ్ళు ఆ ఎత్తు పోగొట్టుకోకుండా సముద్రం వైపు నడవాలి, అందుకని పంట కాలవని మెరక మీద నడిపిస్తారు. మెరక మీది నుంచి తూము ద్వారా బోదెలోకి, అంటే చిన్న పిల్లకాలవలోకి, బోదె నుంచి చేలోకి, ఈ చేలోంచి పక్క చేలోకి దిగుతూ దిగుతూ ఆఖరికి పల్లంలో ఉన్న మురుగు కాలవలో పడతాయి. ఎక్కడా ఎవరూ తోడక్కర్లేదు. అంటే పంట కాలవలో నీటిమట్టం పక్కన చేను కంటే ఎత్తులో ఉండాలి, మురుగు కాలవ మాత్రం చేను కంటే కిందకి ఉండాలి. నేను రెండిట్నీ ఒకేలా, రెండిట్నీ గోతిలో పెట్టాను. వానొస్తే నా రూటులో నీళ్ళు ఎక్కడికీ పోవు, పంటకి చుక్క అందదు.

ఆ పండగ మూడ్రోజులు కోడిపందేల వైపు కూడా వెళ్ళలేదు. మావయ్య బండి తీసుకుని లైను పొడవునా తిరిగాను, రైలు పట్టాలు దాటే ప్రతి నీటిదారి దగ్గరా ఆగి, ఇది వచ్చే నీళ్ళా పోయే నీళ్ళా అని రాసుకున్నాను. లెక్క తేలాక మిగతాదంతా దానంతటదే సర్దుకుంది. అప్పటిదాకా చెట్లు ఎక్కడ పెట్టాలి, ఇళ్ళు ఎక్కడ పెట్టాలి అని కళ్ళకి బాగున్నచోట పెట్టేవాణ్ణి. నిజానికి ఊళ్ళు మెరక మీదే ఉంటాయి, వరద నీళ్ళు నిలవని చోటు అదే కాబట్టి. కొబ్బరి, అరటి, మామిడి అంతా ఊరి చుట్టూ, కాలవ గట్టు వెంబడి. పుంతరోడ్డు గట్టు మీదే, గుడి కూడా గట్టు పక్కనే. అక్కణ్ణుంచి పల్లానికి దిగేకొద్దీ చెట్లు పలచబడి వట్టి చేలే ఉంటాయి. మురుగు కాలవ దగ్గరికొస్తే తుంగ, జమ్ము, తుమ్మచెట్లు, గట్టున గేదెలు. కొబ్బరిచెట్టు కనపడటం మొదలైందంటే ఊరొస్తోందని రైలుబస్సులో కూర్చుని లేచి నిలబడేవాళ్ళం కదా, కారణం ఇదన్నమాట.

ఇదే లైను కాదు, డెల్టాలో ఎక్కడ రూటు కట్టేవాళ్ళకైనా నేను చెప్పేది ఇదే, ముందు మోడల్స్ జోలికి పోకండి, ఒక తెల్ల కాగితం మీద పంట కాలవలు నీలం రంగులో, మురుగు కాలవలు ఎర్ర రంగులో గీసుకోండి. తర్వాత కంప్యూటర్ తెరవండి.

కట్టడానికి వచ్చేసరికి గట్ల దగ్గర ఇంకో చిక్కు. ట్రైన్జ్‌లో నేలని లేపడానికి గళ్ళ గ్రిడ్డు ఉంటుంది, మామూలుగా ఒక్కో గడి పది మీటర్లు, కావాలంటే ఐదు. కొత్త వెర్షన్లలో ఇంకా సన్నది ఉంది, నా కంప్యూటర్ దానికి తూగదు. చేల గట్టు మూరెడు వెడల్పు, దాన్ని ఐదు మీటర్ల గ్రిడ్డుతో లేపితే ఏనుగులు నడిచే రోడ్డు తయారవుతుంది. అందుకని బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్లో చిన్న గట్టు ముక్క చేసి, కంచెలాగా లాక్కుంటూ పోయే స్ప్లైన్‌గా మార్చాను. పైన గడ్డి, అక్కడక్కడ కంది మొక్కలు, పక్కన కాస్త కోసుకుపోయిన మట్టి. అడుగు లోతు బోదెకి కూడా ఇదే చిట్కా. పెద్ద కాలవలకి మాత్రం నేలనే లేపాను. రైలు కట్ట పక్క గుంటలు కూడా మరిచిపోకూడదు, కట్టకి మట్టి ఎక్కడి నుంచో రాలేదు, పక్కనే తవ్వి పోశారు, కాబట్టి లైను వెంబడి పొడవాటి గుంటలు, అందులో నీళ్ళు, కలువలు, గుర్రపుడెక్క. విదేశీ రూట్లు చూసి నేర్చుకున్నవాడికి ఇది తట్టదు, నాకూ తట్టలేదు.

ఇక ఏ నెల చూపించాలన్నది. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అప్పుడు అడుగున బురద, పిల్లల క్రికెట్టు. జూన్‌లో వదిలాక ఆకుమళ్ళు, దమ్ము ట్రాక్టర్ల వెనక కొంగల గుంపులు. జూలైలో ఊడుపులప్పుడు చేలన్నీ అద్దాలు, ఆకాశం కింద కూడా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్లలో కళ్ళు నొప్పెట్టేంత పచ్చ. నవంబరుకి పసుపు. సిమ్యులేటర్లో చేసేవాళ్ళు మామూలుగా ఏం చేస్తారంటే ఊడుపు చేను, ముదురు పచ్చ చేను, పండిన చేను, మూడూ పక్కపక్కన వేసేస్తారు, రంగులు బాగుంటాయని. అది క్యాలెండరు బొమ్మ. ఒకే కాలవ కింద చేలు వారం పది రోజుల తేడాలో నడుస్తాయి, నీళ్ళు ఒకేసారి వదులుతారు కాబట్టి. అక్కడ కూడా మళ్ళీ నీళ్ళే.

నేను డిసెంబరు రెండో వారం ఎంచుకున్నాను. సార్వా, అంటే ఖరీఫ్ పంట, కోతలు దాదాపు అయిపోయి, అక్కడక్కడ ఆలస్యమైన చేలు నిలబడి, కొన్నిట్లో పనలు ఆరుతూ, కొన్నిట్లో కుప్పలు వేసి, పల్లం వైపు దాళ్వా, అంటే రబీ వరి, ఆకుమడికి నీళ్ళు పెడుతూ ఉండే టైము. సంవత్సరం కూడా తేల్చుకోవాల్సి వచ్చింది, ఇప్పుడైతే కోత మిషను వచ్చి గంటలో ఊడ్చేస్తుంది, కుప్పలు ఎక్కడివి? రొయ్యల చెరువులు కూడా అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా. 2008 అని పెట్టుకుని, గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలకి వెనక్కి జరుపుతూ, ఆ చెరువు అప్పుడుందా, ఈ డాబా అప్పుడుందా అని చూసుకుంటూ వెళ్ళాను. ఈ పనికి పట్టిన టైము ఎవరికీ చెప్పను.

కొబ్బరిచెట్టు గురించి విడిగా చెప్పాలి. సిమ్యులేటర్లో దొరికే కొబ్బరిచెట్లన్నీ ఏదో బీచ్ రిసార్టులోవి. సన్నటి కాండం, పైన గొడుగు, శుభ్రంగా దువ్విన తలలాగా. మన చెట్టుకి ఎండి వేలాడే మట్ట ఒకటైనా ఉంటుంది, గెలలుంటాయి, మధ్యలో మొవ్వు నిటారుగా ఉంటుంది, కాండం మొదట్లో లావుగా ఉండి కాస్త వంకర తిరిగి పైకి లేస్తుంది. నేను మొదట ఒక్కో మట్ట ఆకు ఆకునీ చేశాను, చూడ్డానికి అద్భుతం, రెండు వందల చెట్లు పెట్టగానే కంప్యూటర్ ఫ్యాను విమానంలాగా మోగింది. చివరికి మావయ్య దొడ్లో దింపు తీసేవాళ్ళని బతిమాలి ఒక మట్ట కోయించి, తెల్లగుడ్డ మీద పరిచి ఫొటో తీసి, దాన్నే వంచిన రెండు రేకుల మీద అతికించాను. దగ్గరికి ఒక మోడల్, వంద మీటర్లు దాటితే ఇంకో తేలిక మోడల్, ఇంకా దూరం అయితే తోట మొత్తం ఒక్క బొమ్మే. చెట్లు తొమ్మిది రకాలు చేశాను, రెండు నీళ్ళ మీదకి వాలినవి, ఎందుకంటే కాలవ గట్టున కొబ్బరి నిటారుగా ఉండదు, వెలుతురు కోసం నీళ్ళ మీదకి ఒరుగుతుంది. ఒకటి పిడుగు పడి మోడైంది. అది పెట్టాక ఆ తోట తోటలా అనిపించింది, ఎందుకో చెప్పలేను.

ఊళ్ళు మాత్రం నాకు పెద్ద కష్టం కాలేదు. నాలుగు పెంకుటిళ్ళు, ఆరు డాబాలు, రెండు తాటాకు పాకలు, మండువా లోగిలి ఒక్కటి, రామాలయం, చర్చి, నీళ్ళ ట్యాంకు, గడ్డిమేట్లు, గోడ మీద పిడకలు, దడి. ఇవి తిప్పి తిప్పి వాడితే ఊరు వచ్చేస్తుంది. పైకప్పుల రంగు మాత్రం గమనించండి, కొత్త పెంకు ఎర్రగా ఉంటుంది, నాలుగు వానలు చూసింది నల్లబడుతుంది. ఫ్లెక్సీలు కూడా పెట్టాను, వృత్తిధర్మం. గేటు దగ్గరున్న పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఉన్నది నేనే, ఎవరూ కనిపెట్టలేదు ఇంతవరకు.

పట్టాల గురించి రెండు ముక్కలు. సిమ్యులేటర్లో దొరికే ట్రాకులు చాలావరకు 1435 మిల్లీమీటర్ల గేజివి, గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం, మనది 1676. జానెడు పైనే తేడా. చూసి చూడనట్టు పోదామనుకున్నాను గానీ లెవెల్ క్రాసింగ్ దగ్గర నిలబడి చూస్తే చిన్నపిల్లాడి చెప్పులు పెద్దాయన వేసుకున్నట్టు ఏదో తేడా తెలిసిపోతుంది. మార్చాను. స్టేషన్ల పసుపు బోర్డులు మాత్రం నాకు రెండు విధాలా పనికొచ్చాయి. పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు, అదెలాగూ కావాలి, దాంతోపాటు చాలా బోర్డుల మీద సముద్రమట్టానికి ఆ స్టేషన్ ఎంత ఎత్తులో ఉందో కూడా రాసి ఉంటుంది. షటిల్ చెప్పలేనిది ఆ బోర్డు చెప్పింది. స్టేషన్ స్టేషన్‌కీ మధ్య వాలు దాన్ని బట్టే సర్దాను.

ఒక మోసం కూడా ఒప్పుకోవాలి. 315 బోర్డులూ నేను నింపలేదు. డిసెంబరు పొద్దున్న ఏడింటికి మా వైపు మంచు ఎలా ఉంటుందో తెలుసుగా. మంచు దట్టంగా పెట్టేశాను, కిలోమీటరు దాటాక ఏమీ కనపడదు. దూరంగా తాటిచెట్ల తలలు మాత్రం బూడిదరంగులో తేలుతుంటాయి. అది చూసినవాళ్ళు ఎంత సహజంగా ఉందో అని మెచ్చుకుంటున్నారు, నేను థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటున్నాను. ఎండ పొద్దు పెట్టి నడిపితే బండారం బయటపడుతుంది, దయచేసి పెట్టకండి.

ఇప్పటికి ద్రాక్షారామం దాకా అయింది. భీమేశ్వరుడి గుడి గోపురం చేయడానికే నెల పట్టింది, పంచారామాల్లో ఒకటి కదా, దూరం నుంచైనా తప్పుగా కనపడితే మా అమ్మ ఊరుకోదు. మొన్న మళ్ళీ మావయ్యకి చూపించాను. కాలవ చూశాడు, తూము చూశాడు, బోదె వెంట వేలు పెట్టి మురుగు కాలవ దాకా వెళ్ళాడు. ఇప్పుడు పారతాయిలే అన్నాడు. ఆ తర్వాత, "కోతలయ్యాక చేలోకి బాతుల మంద దిగుతుంది, అదేది?" అన్నాడు. బాతులు కదిలితే ఒక బాధ, కదలకపోతే ఇంకో బాధ. ప్రస్తుతానికి మంచులో పెట్టాను.

మిగిలింది కోటిపల్లి వైపు. గౌతమి ఒడ్డు, ముక్తేశ్వరం వెళ్ళే పంటు, అదే నది దాటించే పడవ, రేవు అన్నీ నా దగ్గర ఫొటోలున్నాయి. లేనిది ఒక్కటే, కోటిపల్లి స్టేషను 2005, 2010 మధ్యలో ఎలా ఉండేదో. ఇప్పటి ఫొటోలు చాలా దొరుకుతున్నాయి, అప్పటివి లేవు. మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఓసారి తిరగేయండి. పెళ్ళివారు రైలుబస్సు దిగుతున్న ఫొటో అయినా సరే, శివరాత్రికి వెళ్ళినప్పుడు పిల్లల్ని బోర్డు ముందు నిలబెట్టి తీసింది అయినా సరే. మనుషుల వెనకాల ప్లాట్‌ఫారం ఎత్తు, గోడ రంగు, చెట్టు ఏదుందో కనపడితే చాలు నాకు.